పొయ్యని నీళ్ళు

నరసరావుపేట దాటి లోపలికి పోతే, నల్లరేగడి చేల నడుమ ఒక కతోలిక ఊరు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో నొప్పులొచ్చినా ముందు కబురు ఇన్నాసమ్మకే. మంత్రసానితనం ఆమెకు అత్త దగ్గర అబ్బింది. మొగుడు పాము కరిచి పోయాక అదే బతుకుతెరువయింది. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా అనేవాళ్ళు. ఆదివారం పూజకు వస్తే ఆడవాళ్ళు ముందు వరసలో జరిగి మరీ చోటిచ్చేవాళ్ళు.

గుంటూరు నుంచి సిస్టర్లు వచ్చి మంత్రసానులను కూచోబెట్టి ఒక సంగతి నేర్పారు. పుట్టిన బిడ్డ నిలిచేట్టు లేకపోతే గుడి ఫాదరు, స్వాములవారి కోసం ఆగొద్దు. బిడ్డ తల మీద నీళ్ళు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం మీరే ఇవ్వండి. అయితే బిడ్డలో ప్రాణం ఉండగానే ఇవ్వాలి. ఆ నీళ్ళు పడ్డ బిడ్డ తిన్నగా మోక్షానికి పోతుంది. పడని బిడ్డ దేవుడి మొహం ఎన్నటికీ చూడదు. సమాధుల దొడ్లో దానికి చోటుండదు, కంచె బయట తుమ్మచెట్ల కింద పూడ్చాల్సిందే. ఆ రోజుల్లో అందరూ అదే నమ్మేవాళ్ళు. ఇన్నాసమ్మ అందరికంటే గట్టిగా నమ్మింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం, మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. బాలశౌరి పెళ్ళాం లూర్దమ్మకు కళ్ళంలో కాయలు ఎండబోస్తుండగా నొప్పులొచ్చాయి. ఇంటికి చేర్చే వ్యవధి లేదు. కళ్ళం పక్క పాకలోనే పడుకోబెట్టి ఇన్నాసమ్మను పిలిపించారు. లూర్దమ్మకు అంతకుముందు కడుపు నిలవలేదు. ఇది నిలిచింది, నెలలు నిండకుండానే వచ్చింది.

మగపిల్లాడు. పిల్లికూనలా ఒక్క కూత పెట్టాడు. ఇన్నాసమ్మ వాణ్ణి గుడ్డలో చుట్టి పక్కన పెట్టేలోగా తల్లికి రక్తం కట్టలు తెంచుకుంది. బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి, ఇన్నాసమ్మకు కనపడుతూనే ఉంది. చేతికందే దూరంలో ముంత నిండా నీళ్ళున్నాయి. ఒక్క చెయ్యి చాపితే చాలు. ఆ చెయ్యి తల్లి కడుపు మీద నుంచి తీస్తే ఏమవుతుందోనని చాపలేదు. ఇదుగో, ఇప్పుడే, రక్తం కాస్త కట్టుకోనీ అనుకుంది. రక్తం కట్టుకుంది. తిరిగి చూస్తే బిడ్డలో ప్రాణం లేదు.

గుమ్మంలో లూర్దమ్మ అత్త నిలబడి ఉంది. పిల్లవాడి మొహం చూసి గుండె బాదుకోలేదు, ముందు అడిగిన మాట ఇది.

"ఇన్నాసమ్మా, నీళ్ళు పోశావా?"

"పోశా వదినా," అంది ఇన్నాసమ్మ.

"ఏం పేరు పెట్టావే?"

"సవేరి." ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పేరు.

ముసలామె అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, "స్తోత్రం దేవా, వాడైనా నీ దగ్గరికొచ్చాడు," అని ఏడ్చింది. స్పృహ వచ్చీరాని లూర్దమ్మ ఇన్నాసమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మర్నాడు స్వాములవారు సైకిలు మీద వచ్చారు. పసిబిడ్డ దేవదూత అయిందని తెల్ల వస్త్రాలే వేసుకున్నారు. సమాధుల దొడ్డి గేటు దగ్గర ఆగి, ఇన్నాసమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగారు.

"నీళ్ళు పోసేటప్పటికి బిడ్డలో ప్రాణం ఉందా అమ్మా?"

"ఉందండీ."

"నీ కళ్ళతో చూశావుగా?"

"చూశానండీ."

గేటు తీశారు. చిన్న పెట్టె లోపలికి పోయింది.

జాలిపడి అబద్ధమాడానని ఇన్నాసమ్మ తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. సగం నిజమే. తక్కిన సగం ఆమెకు బాగా తెలుసు. ముంత పక్కనే ఉండి కూడా ఇన్నాసమ్మ నీళ్ళు పొయ్యలేకపోయిందట అని ఊరు అనుకుంటుందని భయం. ముందు వరసలో చోటు పోతుందని భయం. తల్లిని బతికించినందుకు ఆమెకు ఏనాడూ విచారం లేదు. నోటి నుంచి అంత సులువుగా జారిన ఆ "పోశా" అనే మాటే ఆమెను పట్టి పీడించింది.

స్వాములవారి చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి పోతే ఆ ఒక్కటీ తప్ప అన్నీ చెప్పేది. కోడిపిల్ల కోసం పొరుగింటామెతో తగువాడాను, జపమాల చెబుతూ కునికాను అనేది. దాచిన పాపంతో, పూజలో నాలుక మీద పెట్టే సత్ప్రసాదం తీసుకుంటే అది మరో పాపమని చిన్నప్పుడు నేర్చిందే. తీసుకోకపోతే జనం చూస్తారు. నాలుక చాపినప్పుడల్లా నిప్పు మింగినట్టుండేది. గుణదల మేరీమాత తిరునాళ్ళకు పోయింది, అక్కడ ముక్కూమొహం తెలియని స్వాములవారికైనా చెప్పేద్దామని. వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి వెనకామెకు దారిచ్చి పక్కకు తప్పుకుంది.

ఆ తర్వాత ఆమె పద్ధతే మారిపోయింది. నిండుగా, దిట్టంగా పుట్టి కేరుమంటున్న పిల్లలకు కూడా బొడ్డు కొయ్యకముందే నీళ్ళు పోసెయ్యడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి స్వాములవారు కోప్పడ్డారు.

"బాగున్న బిడ్డను గుడికి తీసుకురానివ్వమ్మా! అన్నీ నువ్వే చేస్తే ఇక నేనెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నాసమ్మా నవ్వినట్టు మొహం పెట్టింది.

లూర్దమ్మకు తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ ఇన్నాసమ్మ చేతి మీదే. అయినా ఏటా సమాధుల పండుగకు బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని ముందు సవేరి దగ్గరికే పోయేది. "అత్తా, నువ్వూ రావాలి. నువ్వు లేకపోతే వాడెక్కడుండేవాడు?" అని చెయ్యి పట్టి లాక్కుపోయేది. ఇన్నాసమ్మ ఆ చిన్న సిలువ ముందు నిలబడి పెదాలు కదిపేది. జపం మాత్రం వచ్చేది కాదు.

చైనా యుద్ధం అయిన మరుసటేడు వానాకాలం చివర్లో, ఊరి చివర పల్లెలో ఉండే కూలిమనిషి దేవకుమారి పత్తిచేలో కలుపు తీస్తూ పడిపోయింది. మగబిడ్డ, కడుపులోనే పోయి పుట్టాడు. అప్పుడూ ఇన్నాసమ్మే. దేవకుమారి మొగుడు, "నీళ్ళు పోశావా అమ్మా?" అని అడిగాడు. ఇన్నాసమ్మ నోరు తెరిచింది. మళ్ళీ అదే మాట అనడానికి ధైర్యం చాలలేదు.

"లేదు నాయనా. ప్రాణం లేకుండానే పుట్టింది."

కంచె బయట తుమ్మచెట్ల కింద పూడ్చారు. గంట మోగలేదు, తెల్ల వస్త్రాలు లేవు. దేవకుమారి కంచె పట్టుకుని ఏడుస్తుంటే లూర్దమ్మ పోయి పక్కన కూచుంది, ఓదారుద్దామని.

"నా బిడ్డకు అదృష్టం ఉందమ్మా, ఇన్నాసమ్మత్త చేతి నీళ్ళు పడ్డాయి. నీ బిడ్డ కోసం కూడా జపం చేస్తాలే."

ఆ మాట ఇన్నాసమ్మ చెవిన పడింది. నీళ్ళు పడని బిడ్డలిద్దరూ. ఒకడు లోపల, ఒకడు బయట. ఒకడికి తన అబద్ధం చోటిచ్చింది, రెండోవాణ్ణి తన నిజం బయట పెట్టింది. ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా గుడికి పోయి స్వాములవారి ముందు మోకరించి, మొదటిసారిగా అంతా చెప్పింది.



"తల్లిని వదిలేసి బిడ్డకు పోసుంటే ఏమయ్యేది?" అన్నారు స్వాములవారు.

"తల్లి పోయేదండీ."

"మరి అందుకు నిన్ను తప్పుపట్టను. ఆ బిడ్డను దేవుడేం చేశాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆయన మనకంటే చెడ్డవాడని మాత్రం నేననుకోను. అబద్ధమంటావా, అది పాపమే. దాన్ని క్షమించే అధికారం నాకుంది."

"లూర్దమ్మకు చెప్పేస్తానండీ. ఊరందరి ముందూ చెబుతాను. ఏమన్నా పడతాను."

"వద్దు," అన్నారాయన. "నీ బరువు దించుకోవడానికి ఆ పిల్ల నెత్తిన పెడతావా? నువ్వే మొయ్యి. అదే నీకు ప్రాయశ్చిత్తం."

ఊరు తిడితే తేలికపడేది. క్షమాపణ దొరికిందే గాని తిట్టు దొరకలేదు. ఇన్నాసమ్మ గుడి మెట్లు దిగుతుంటే బరువు అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడది దాచిపెట్టిన దొంగసొమ్ములా కాక, మొయ్యమని ఇచ్చిన మూటలా ఉంది.

ఆ సమాధుల పండుగకు ముందు ఆమె కొడవలి తీసుకుపోయి కంచె బయట ముళ్ళకంప కొట్టింది. చూసేవాళ్ళు చూశారు, నవ్వేవాళ్ళు నవ్వారు. పండుగనాడు స్వాములవారు లోపలి సమాధుల మీద తీర్థం చల్లి, గేటు దాటి తుమ్మచెట్ల దాకా నడిచి అక్కడా చల్లారు. పెద్దమనుషులు మొహాలు చూసుకున్నారు. 

సాయంత్రం దేవకుమారి బిడ్డ మట్టిదిబ్బ మీద ఇన్నాసమ్మ బంతిపూలు పరుస్తుంటే లూర్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడున్నావా అత్తా? సవేరి దగ్గర నీకోసం చూస్తున్నా."

"వీళ్ళ దగ్గరికెవరూ రారుగదే."

లూర్దమ్మ పక్కన కూచుంది. తన దగ్గర మిగిలిన కొవ్వొత్తి వెలిగించి దిబ్బ మీద గుచ్చింది.

"మా సవేరికి చెబుతాలే అత్తా, ఈ తమ్ముణ్ణి కూడా లోపలికి పిలవమని."

గాలికి వత్తి రెపరెపలాడింది. ఇన్నాసమ్మ తలెత్తలేదు. వంగి, రెండు చేతులూ దాని చుట్టూ అడ్డం పెట్టి, అది నిలదొక్కుకునేదాకా అలాగే కూచుంది.