మంచివాళ్ల జాబితా

శాంతి కమిటీ మీటింగులంటే నాకు ఒళ్లు మంట. అందరం అన్నదమ్ములమని ఒక ఉపన్యాసం, టీ, బిస్కెట్లు, చివర్న ఫొటో. అయినా వెళ్తాను. ఆదోనిలో పత్తి మండీ పెట్టుకున్నవాడికి ఊరు వారం రోజులు మూతబడితే ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఊరేగింపులో రాళ్లు పడ్డాయి. రెండు మతాలవాళ్ల తలలూ పగిలాయి. ఊరు సద్దుమణిగాక జరిగిన మీటింగులో ఇన్‌స్పెక్టరు, గొడవైతే జనం ఎవరి మాట వింటారో వీధికొక పేరు చెప్పమన్నాడు. పక్క వీధికి నేను మా మండీ లారీ నడిపే భాయ్ పేరు చెప్పాను. ఆ రోజు రాళ్లకు అడ్డం నిలబడి మావాళ్లనీ, తనవాళ్లనీ వెనక్కి నెట్టింది ఆయనే. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. నా నోరు పడిపోను.

ఆ ఇన్‌స్పెక్టరు బదిలీ అయ్యాడు. మేం చెప్పిన పేర్ల జాబితాతో సహా గొడవ నాటి కాగితాలన్నీ ఒకే ఫైల్లో పడ్డాయి. రాళ్లు వేసినవాళ్లెవరో, ఆపినవాళ్లెవరో కొత్తగా వచ్చినాయనకి ఎవరు చెప్పాలి? మరుసటి పండక్కే భాయ్‌ని స్టేషనుకు పిలిచి, గొడవలు చేయనని పూచీకత్తు రాయించుకున్నారు. బైండోవరంటారు దాన్ని. అప్పటినుంచి ఏటా అదే తంతు.

ఈ ఏడు ఎమ్మిగనూరులో ఒక బడివాళ్లు బస్సు నడపడానికి ఆయన్ని రమ్మన్నారు. నడుం నొప్పితో లారీ నడపలేని మనిషికి అది దేవుడిచ్చిన పని. తన మీద కేసుల్లేవని పోలీసు సర్టిఫికెట్ తెస్తే చాలన్నారు. బైండోవర్ ఉందని స్టేషన్లో ఇవ్వలేదు.

నేనే వెళ్లాను. ఆయన గొడవలు చేసేవాడు కాదని కమిటీ తీర్మానం తెమ్మన్నారు. కమిటీ పెద్దమనిషి దగ్గరికి పోతే, "ఇప్పుడొద్దప్పా, పండగ పోనీ" అన్నాడు. పండగ పోయింది. "ఇప్పుడెందుకప్పా కదిలించేది, మనోళ్లే తప్పు పడతారు" అన్నాడు. ఆయన ఇంటి చుట్టూ తిరిగి చెప్పులరిగాయి.

మొన్నటి మీటింగులో ఇక ఆగలేక లేచాను. "ఆయప్ప మంచోడని పేరు సెప్పింది నేను సార్. ఆయప్పను బైండోవర్ చేసేదుంటే నా పేరు గూడా రాసుకోండి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మీరు పెద్దమనుషులు సార్, మీ పేరెందుకు? కూర్చోండి."

అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేను కూర్చున్నాను.

సాయంత్రం భాయ్ మండీకి వచ్చాడు. "బడిలో ఇంకొకర్ని పెట్టుకున్నారంట అన్నా" అన్నాడు. ఇన్నేళ్లూ దాచింది అప్పుడు చెప్పాను. "స్టేషన్లో నీ పేరు రాయించింది నేనే భాయ్."

"తెలుసన్నా. మొదటిసారి పోయిన్నాడే సెప్పినారు."

"మరి నన్ను ఒక్క మాటా అడగలేదే?"

"అడిగితే నీకూ నాకూ చెడుతుంది. మళ్లా రాళ్లు పడిన్నాడు మీ వీధిలోకి ఏం మొగం పెట్టుకోని రావల్ల?" అన్నాడు.