లచ్చమ్మ నిన్న చూసిన ఎపిసోడ్

అనుమానం పెనుభూతం అంటుంది మా అమ్మ. నాకు తెలిసిన భూతం అదొక్కటే. టీవీ సీరియళ్ల మీద పరిశోధన చేయడం నా ఉద్యోగం. తెర మీద ఆత్మ రాబోయే ముందు ఏ తలుపు కిర్రుమంటుందో, కెమెరా ఎవరి ముఖం మీదికి మూడుసార్లు ఉరుకుతుందో కూర్చుని లెక్కగట్టినదాన్ని. నన్ను భయపెట్టడం అంత తేలిక కాదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాష్ట్రం విడిపోయిన రోజులు. హైదరాబాదులో మా విభాగాన్ని కూడా మళ్లీ సర్దుతున్నారు. ఇద్దరు పరిశోధకుల్లో ఒకరికే చోటు మిగులుతుందన్నారు. ఒకరు నేను. రెండోది సుజాత, మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ పిల్ల, నన్ను అక్కా అని పిలిచేది. ఆ చోటు మీద నాకు ఆశ లేదంటే అబద్ధం.

ఆ పక్కనే ఉన్న చంద్రపూర్‌లోని తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు సీరియళ్లను ఎలా చూస్తారన్నది మా పరిశోధన. చదువు మరాఠీలో సాగింది కాబట్టి అక్కడ తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. అందుకని రాత్రి చూసిన ఎపిసోడ్‌ను పొద్దున్నే వాళ్లు చెబితే సుజాత రాసుకునేది. ఆ కాగితాన్ని అదే రోజు కవరులో పెట్టి అంటించి, అతుకు మీద తేదీ వేసి సంతకం చేయాలి. ఒకరి కవర్లు ఇంకొకరు సరిచూడాలి. అది మా పద్ధతి.

సరిచూస్తుంటే ఒకావిడ దగ్గర లెక్క తప్పింది. బాబుపేట్‌లో ఉండే లచ్చమ్మ. ఆమె మంగళవారం చెప్పినట్టున్న కథ టీవీలో శుక్రవారం వచ్చింది. ఇంకో కవరులోనూ అంతే. నాకు వెంటనే అర్థమైపోయింది. సుజాత ఆ ఇంటికి పోలేదు. రికార్డింగులు చూసి ఇంట్లో కూర్చుని రాసింది, తేదీల దగ్గర పప్పులో కాలేసింది.

అడిగితే ముఖం ఎర్రబడింది. "నేను రాసింది ఆమె చెప్పిందే అక్కా. ఆ రోజే రాసిన," అంది. తప్పు చేసినవాళ్లు అట్లాగే అంటారు అనుకున్నాను.

ఆమెకు చెప్పకుండా చంద్రపూర్ పోయాను. లచ్చమ్మను కలిసే ముందురోజు రాత్రి లాడ్జిలో ఆమె చూసే సీరియల్ నేనూ చూశాను. పెళ్లికి గాజులు కొనడంతోనే ఎపిసోడ్ అయిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి లచ్చమ్మ వాళ్లింట్లో కూర్చున్నాను. డెబ్బై ఏళ్లుంటాయి. భర్త బొగ్గుబావిలో పనిచేసి పోయాడు. చాయ్ ఇచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చానంటే నవ్వింది.

"మాది గీ పక్కనున్న రాజురా బిడ్డ. నా చిన్నప్పుడు గది గూడ హైద్రాబాద్ రాజ్యమే. మేం యాడికి పోలే, రాజ్యమే జరిగింది."

రాత్రి ఏం చూశావని అడిగాను. తడుముకోకుండా చెప్పింది.

"కోడలు అద్దం పలగ్గొట్టింది. అత్త ఏమనలే, ముక్కలన్ని కొంగుల ఏరుకున్నది. ఎడమ చెయ్యి తెగింది. రక్తం జూసి కోడలే ఏడ్సింది."

అది నిన్నటిదేనా అని రెండుసార్లు అడిగాను. నిన్న చూసిందే చెబుతున్నానంది, కొంచెం కోపంగానే. గాజులు లేవు, పెళ్లి లేదు. ముసలావిడ నోటికొచ్చింది చెబుతుందని తేలిపోయింది. అలాంటప్పుడు సుజాత కాగితాల్లోని కథ టీవీతో అంత అచ్చంగా ఎలా సరిపోతుంది? దొరికిపోయింది అనుకున్నాను. పద్ధతి ప్రకారం నా కాగితాన్నీ కవరులో పెట్టి, అంటించి, సంతకం చేసి సంచిలో వేసుకున్నాను.

బల్లార్‌పూర్ స్టేషన్‌లో రైలు కోసం ఆగినప్పుడే మా ప్రొఫెసరు గారికి రిపోర్టు పంపించాను. అందులో ఒక వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. కవరు ఆమెదే, సంతకం ఆమెదే, ఎప్పుడు అంటించిందో ఎవరికి తెలుసు అని. ఆ వారంలోనే సుజాతను తీసేశారు.

లచ్చమ్మను కలిసిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ముందురోజు ఎపిసోడ్ రికార్డింగు చూస్తున్నాను. కోడలు అద్దం విసిరికొట్టింది. అత్త వంగి, ముక్కల్ని కొంగులో ఏరుకుంది. ఎడమ చెయ్యి తెగింది. రికార్డింగు వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

కథ ముందే బయటికి పొక్కి ఉంటుందనుకుని ఆ సీరియల్ యూనిట్‌లో తెలిసినాయనకు ఫోన్ చేశాను. ఆ సన్నివేశం మూడు రోజుల క్రితమే తీశారట. చెయ్యి తెగడం కథలోనే లేదట. నటికి నిజంగానే గాజుముక్క గుచ్చుకుందట. బాగా వచ్చిందని ఉంచేశారట.

నా కవరు అంటించినట్టే ఉంది. తెరవకుండా ప్రొఫెసరు గారి దగ్గరికి పట్టుకెళ్లి, ఆయన చేతే తెరిపించి, రికార్డింగు చూపించాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, కవరు తిప్పి చూశారు.

"నిన్న రాత్రి చూసి, పొద్దున రాసి అంటించలేదని నేనెలా నమ్మాలమ్మా?"

"నేను రాసింది ఆమె చెప్పిందే సార్. ఆ రోజే రాశాను," అన్నాను.

ఆ మాట ఎవరిదో నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చోటు నాకే దక్కింది. సుజాత బల్లార్‌పూర్‌లో బడిపంతులమ్మ అయింది. క్షమాపణ చెప్పడానికి పోతే కుర్చీ వేసింది, అంతా విన్నది.

"కవరు తెరవకముందు నమ్మితే బాగుండె అక్కా," అంది.

లచ్చమ్మ ఏం చూసిందో, ఎక్కడ చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇంట్లో టీవీ అందరి టీవీ లాంటిదే. ఆ కవరు నా బీరువాలో ఉంది. మీరు నన్ను నమ్మకపోయినా నేనేమీ అనలేను. మీ చోట ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.