నిలువు దిద్దిన ఫొటో

వాన మొదలైతే వీధంతా ఇంట్లోకి పరిగెడుతుంది, వానరాయుడు ఒక్కడే బయటికి పరిగెడతాడు. పగలంతా ఇరుకు స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు సైజు మొహాలు తీసే మనిషి. చీకటి పడ్డాక వాన సన్నగిల్లిందంటే మాత్రం కాలు నిలవదు. స్టాండు భుజాన వేసుకుని బయల్దేరతాడు. నీళ్ళు నిలిచిన చోటల్లా గొంతుక్కూర్చుని, అందులో దీపాలతో సహా తలకిందులుగా వేలాడే భవనాలను ఫొటో తీస్తాడు. గొడుగు కెమెరాకు పడతాడు, తాను నానిపోతాడు. ఈ పేరు పెట్టింది వాళ్ళ బావ. కోపం వచ్చినప్పుడు చివరి రెండక్షరాలూ మింగేసి పిలుస్తాడు.

ఇతని పనిలో ఒక అలవాటుంది. ఎత్తయిన భవనాన్ని కింద నుంచి తీస్తే ఫొటోలో కాస్త వాలినట్టు వస్తుంది. అది లెన్సు చేసే మాయ. అందుకని ఇంటికెళ్ళగానే కంప్యూటరులో గోడల అంచులు పట్టుకుని నిటారుగా లాగుతాడు. నిలువు దిద్దడం అంటాడు దాన్ని. పళ్ళు తోముకోవడం లాంటిదే, ఆలోచించి చేసే పని కాదు.

అక్కా బావా ఉండే ఐదంతస్తుల భవనాన్ని తీసినన్ని సార్లు ఇంకే భవనాన్నీ తీయలేదు. అందులో ఒక ఫొటోకి అద్దం కట్టించి భవనం గుమ్మం పక్కన తగిలించారు. ఎండాకాలంలో, కింద కొట్టు నడిపే దర్జీ భవన సంఘం సమావేశంలో లేచి ఒక మాటన్నాడు. షట్టరు సరిగ్గా దిగడం లేదు, భవనం ఎడమకు ఒరుగుతున్నట్టుంది, ఇంజనీరును పిలిపిద్దాం అని. సంఘం అధ్యక్షుడు బావే. ఆయన గోడ మీది ఫొటో దించి, దాని మీద స్కేలు పెట్టి చూపించాడు. గీత గీసినట్టుంది. అందరూ నవ్వారు, దర్జీ కూర్చుండిపోయాడు. పక్కనే ఉన్న వానరాయుడు ఫొటో మెచ్చుకున్నారని పొంగిపోయాడు తప్ప, దిద్దిన ఫొటో సాక్ష్యానికి పనికిరాదన్న సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు. తట్టకపోవడమే ఇతని నేరం.

వానాకాలం వచ్చింది. ఒక రోజు, వారంగా పట్టిన వాన సాయంత్రానికి తెరిపిచ్చింది. రాత్రి ఎనిమిదిన్నరకు అదే భవనానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల స్టాండు దించాడు. నీళ్ళ మడుగు కదలకుండా ఉంది. అందులో ఐదంతస్తులూ, ఎడమ పక్కనున్న దీపస్తంభమూ తలకిందులుగా దిగాయి. రోజూ చూసే భవనమే తలకిందులయ్యేసరికి కంటికి కొత్తగా ఉంది. స్తంభానికీ పైఅంతస్తు మూలకీ మధ్య ఎప్పుడూ జానెడు ఆకాశం కనిపించేది. ఇప్పుడు వేలు పట్టేంత కూడా లేదు.

స్టాండు ఒరిగిందేమో అనుకున్నాడు. మట్టం చూసే బుడగ సరిగ్గా నడిమధ్యనే ఉంది. స్తంభమే ఒరిగిందేమో. తాళాల గుత్తిని బూటు తాడుకి కట్టి కంటి ముందు వేలాడదీశాడు. స్తంభం తాడు వెంటే ఉంది. భవనం అంచు తాడు వెంట లేదు.

గత నెల ఈ భవనం ఫొటోను ఎంత లాగాల్సి వచ్చిందో గుర్తొచ్చింది. అంతకు ముందు అందులో సగం, నిరుడు ఇంకా తక్కువ. లెన్సు పాడైందని బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళి గొడవ కూడా పడ్డాడు. భవనాన్ని దిద్దితే స్తంభం వంకరగా వస్తోందని ప్రతిసారీ ఆ స్తంభాన్ని కత్తిరించేశాడు. సాక్ష్యం చెప్పేదాన్ని తన చేత్తోనే తుడిచేశాడు.

కెమెరా అక్కడే వదిలేసి మూడో అంతస్తుకు ఎక్కాడు. అక్క లోపల్నుంచి తలుపు లాగితే రాలేదు, ఇతను బయటి నుంచి భుజంతో నెడితే తెరుచుకుంది. అన్నం ముందు కూర్చున్న బావ ఇతని అవతారం చూసి, కాళ్ళు తుడుచుకుని రమ్మన్నాడు.

"బావా, భవనం ఒరుగుతోంది. అందర్నీ ఇప్పుడే కిందికి దించాలి."

బావ నవ్వాడు. "నీ ఫొటో చూసే కదరా ఇంజనీరు వద్దన్నాం."

"ఆ ఫొటో అబద్ధం. వంకరగా ఉంటే నేనే నిలబెట్టాను."

బావ ముద్ద కంచంలోనే వదిలేశాడు. కోపమొచ్చింది, కానీ ఆ కోపంతో కూడా ఇతన్ని వానరా అనలేకపోయాడు. అక్క మాత్రం తలుపు వైపు చూస్తూ నిలబడింది. తలుపు బిగుసుకుపోతోందని ఈ నెలలోనే రెండుసార్లు వడ్రంగి చేత చిత్రిక పట్టించాం, పైవాళ్ళూ పట్టించారు అని మెల్లగా చెప్పింది. వానకు చెక్క ఉబ్బిందనుకుని ఎవరి తలుపు వాళ్ళు చెక్కించుకున్నారు.

ఆపైన ఎవరూ వాదించలేదు. బావ ఇంజనీరుకు ఫోను చేస్తూనే పైఅంతస్తులకు పరిగెత్తాడు. వానరాయుడు మిగతా తలుపులు బాదాడు. కొందరు విసుక్కున్నారు, ఒకావిడ పొయ్యి మీద పాలున్నాయంది. ఎక్కడో గోడలో టప్‌మని చప్పుడయ్యాక పాల సంగతి ఎవరికీ గుర్తులేదు. పావుగంటలో అందరూ రోడ్డు అవతల చేరారు. అక్క తలలు లెక్కపెట్టింది. దర్జీ లేడు.

సగం దిగి ఇరుక్కుపోయిన షట్టరు కింద నుంచి వానరాయుడు దూరాడు. దర్జీ దీపం కింద కూర్చుని గుండీలు కుడుతున్నాడు. బయటి గొడవ విననట్టే ఉన్నాడు.

"బయటికి రండి పెద్దాయనా, భవనం ఒరిగింది."

"ఫొటోలో నిటారుగానే ఉంది కదా బాబూ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే ఇతన్ని పొడిచింది. దర్జీ సూది బట్టలో గుచ్చి, తలెత్తకుండా చెప్పాడు. "నా చూపే పాడైందనుకున్నా. కళ్ళజోడు మార్పించా. తలనొప్పి వచ్చింది తప్ప వంకర తగ్గలేదు. కత్తిరింపు మానేసి మూణ్ణెల్లయింది. వంకర చూసే కళ్ళతో ఒకరి బట్ట పాడుచేయడమెందుకని."

పైనుంచి సున్నం పెచ్చు రాలి కుట్టుమిషను మీద పడింది.

"మీ చూపు బాగానే ఉంది. నేనే చూడలేదు. లేవండి, మీకు దణ్ణం పెడతాను." చేతులు నిజంగానే జోడించాడు. ఇద్దరూ నడుం వంచి షట్టరు కింద నుంచి బయటపడ్డారు.

ఇంజనీరు వచ్చాడు. టార్చి వేసి భవనం ఎడమ పక్క స్తంభాల మొదళ్ళు చూసి, గబగబా వెనక్కి నడిచి, అందర్నీ వీధి చివరిదాకా జరగమన్నాడు. ఈ రాత్రే కాదు, ఇంకెప్పుడూ ఎవరూ లోపల కాలు పెట్టొద్దన్నాడు. ఎవరో ఏడ్చారు. ముందుగా కనిపెట్టిందెవరని ఇంజనీరు అడిగితే బావ ఇతని భుజం మీద చెయ్యి వేయబోయాడు.

వానరాయుడు ఆ చెయ్యి తప్పించుకుని దర్జీని చూపించాడు. "ముందు చెప్పింది ఈయన. కాదన్నది నా ఫొటో."

దర్జీ కొత్త కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఉత్త కళ్ళతో భవనాన్ని కింది నుంచి పైదాకా కొలిచినట్టు చూశాడు.

"వంకరే," అన్నాడు.