ఖాజా భాయ్ ముట్టించని బీడీ

మొన్న మధ్యాహ్నం మన్నెగూడలో టీ తాగి బయలుదేరబోతే, మా అద్దె కారు ఇంజను ఎత్తుకోలేదు. డ్రైవరు విసుక్కుంటూ బానెట్ లేపి, తడిపిన గోనెగుడ్డ తెచ్చి పెట్రోలు గొట్టం మీద వేశాడు. కాలిన ఇనుము మీద తడి గోనె కమిలే వాసన. నలభై ఏళ్ల కిందట ఇదే రోడ్డు మీద, ఇదే వాసనలో ఖాజా భాయ్ నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది.

ఖాజా భాయ్ ఇబ్రహీంపట్నం నుంచి నగరానికి అద్దె కారు నడిపేవాడు. డ్రైవరూ మెకానిక్కూ ఆయనే. నేను అప్పుడప్పుడే ఒక పత్రికకు వార్తలు పంపడం మొదలుపెట్టాను. ఆయన పక్కసీటే నా ఆఫీసు. ఒకసారి బొంగులూరు దగ్గర ఆపిన కారు మళ్లీ కదలకపోతే, బ్యాటరీ పోయిందన్నాను. ఆయన నవ్వాడు.

"అప్పుడే ఫైసలా చేసినవా, అఖ్బార్ తమ్మీ? పొద్దుగాల సల్లగున్నప్పుడు ఎట్ల ఎత్తుకున్నది?"

"ఒక్క తిప్పుకే."

"నడుస్తుంటె యాడన్న ఆగిందా?"

"లేదు."

"మరి బంద్ చేసినంకనే ఎందుకు మొండికేసింది? గది అడుగు. చెడిపోయినంక కాదు, చెడిపోయే ముంగట ఏమైందో సూడు."

ప్లగ్గు వైరు ఊడదీసి నిప్పురవ్వ చూపించాడు. బ్యాటరీ బాగానే ఉంది. గొట్టం వదులు చేస్తే పెట్రోలుకు బదులు బుస్సుమని ఆవిరి వచ్చింది. నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది. ఆపగానే ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు దాన్ని లాగలేదు. ఆయన తడి గోనె కప్పి, బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయేదాకా ఇంజను ముట్టకూడదన్నది ఆయన నియమం. అయిపోయాక హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే కారు లేచింది. కొత్త పంపు దొరకని రోజులవి. అందుకే ఆ తర్వాత దారిలో ఎక్కడ ఆగినా ఇంజను మాత్రం ఆపేవాడు కాదు. రజాకార్లు కారు అడిగితే పెట్రోలు లేదని తప్పించుకున్న మనిషి ఆయన. ఆ సంగతి నాకు తెలుసు.

1948లో, నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన వారంలో, నర్సిరెడ్డి అనే రైతు, రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతున్న భార్యను ఖాజా భాయ్ కారులో నగరంలోని దవాఖానకు తీసుకుపోతున్నాడు. వార్తల కోసం నేనూ ముందు సీట్లో ఎక్కాను. మన్నెగూడలో ఆమె దాహమంది. నర్సిరెడ్డి చెంబు పట్టుకుని బావి దగ్గరికి పోయాడు. రోడ్డు పక్కన ఇద్దరు మనుషులు మిలటరీ లారీల గురించి మాట్లాడుకుంటున్నారు.

"భాయ్, జర బంద్ చెయ్యి. ఏం ఇనబడ్తలేదు."

"వేడి మీదున్నది తమ్మీ, వద్దు."

"ఒక్క నిమిషమే."

ఆయన నా మాట కాదనలేక ఆపాడు. నాకు పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. లారీలు ఎన్నో ఆ ఇద్దరికీ తెలియదు.

నర్సిరెడ్డి వచ్చేసరికి ఇంజను మొండికేసింది. ఖాజా భాయ్ గోనె తడిపి గొట్టం మీద కప్పాడు. అలవాటుగా బీడీ తీశాడు. వెనక సీట్లో ఆమె మూలుగు విని, ముట్టించకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకు బంద్ చేసినవ్ రా?" నర్సిరెడ్డి ఆయన కాలరు పట్టుకున్నాడు. "మీ రాజ్యం పోయిందని నా పెండ్లాం మీద కసి తీర్చుకుంటున్నవా?"

ఖాజా భాయ్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నోటుబుక్కు తెరిచి ఏదో రాస్తున్నట్టు తల వంచాను.

"తప్పయింది పటేలా," అన్నాడాయన. "జర ఆగు, ఎత్తుకుంటది."

ఆలస్యంగా చేరాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ముందే తెచ్చినా బతికేదో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఊళ్లో మాత్రం నర్సిరెడ్డి మాటే తిరిగింది. ఆ తర్వాత ఆ కారు ఎవరూ ఎక్కలేదు.

ఆయన ఊరు విడిచిపోతున్నాడని తెలిసి వెళ్లాను. రిపేరు పానాలు సంచిలో సర్దుకుంటున్నాడు.

"నేను ఆపమన్ననని చెప్పకపోయినవా భాయ్?"

"నువ్ చెప్తవని సూసిన," అన్నాడు. సంచి మూతి బిగించి, "పోనీ తియ్యి. బంద్ చేసింది నేనే గదా," అన్నాడు.

రేపే నర్సిరెడ్డికి చెప్తానన్నాను. ఆ రేపటికి ఖాజా భాయ్ ఊళ్లో లేడు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి నర్సిరెడ్డీ లేడు.

చెడిపోయే ముందు ఏమైందని ఈ నలభై ఏళ్లలో ఎందరినో అడిగాను. నా ప్రశ్నలను మెచ్చుకున్న సంపాదకులకు అవి ఎవరు నేర్పారో చెప్పలేదు. చెబితే తక్కిన కథ కూడా చెప్పాల్సి వచ్చేది. ఇంజను చప్పుడులో మాట వినబడకపోతే, ఇప్పటికీ ఆపమని అడగను. దిగి దగ్గరికి నడుస్తాను. ఆ రోజు ఆ ఇద్దరూ పది అడుగుల దూరంలోనే ఉన్నారు.