సాంబశివరావు గారు ఎత్తిన జెండా

ఈ పత్రిక సంపాదకులు నన్ను వ్యాసం రాయమని అడగడం ఇదే మొదటిసారి. కిందటేడు అడక్కుండానే రాసి పంపాను. స్థలాభావం వల్ల ప్రచురించలేకపోతున్నామని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ సంచికలో వంటల పోటీ ఫొటోలకు నాలుగు పేజీల స్థలం ఎలా దొరికిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేనప్పుడు రాసింది బతికున్న మనిషి గురించి. ఇప్పుడా మనిషి చనిపోయారు కనుక ఎంత కావాలంటే అంత రాయమంటున్నారు. రాస్తాను. కిందటేడు రాసిందే రాస్తాను, ఒక్క మాటనూ మెత్తబరచను.

జనవరి చివర్లో ఒక మంగళవారం పొద్దున్నే సాంబశివరావు గారి భార్య లలితమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఒకసారి వస్తారా? ఈయన పలకట్లేదు" అంది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు వీధులు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే అంబులెన్సు వాళ్ళు చేయగలిగినదంతా చేసి తమ సామాను సర్దుకుంటున్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ముందురోజు సాయంత్రం ఇద్దరం కలిసి నడిచాం. "ఈ ఏడాది మొదటి ఫ్రెండ్లీ మ్యాచ్ ఎప్పుడో కనుక్కున్నారా, ప్రకాశంగారూ?" అని ఆయన అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను. చెప్పే అవకాశం రాలేదు. ఆ వార్తను నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ సాయంత్రం ఐదున్నరకు షూ వేసుకుని గేటు దాకా వెళ్తున్నాను.

సాంబశివరావు గారిది తెనాలి. ముప్పై ఏళ్ళ కింద ఈ దేశం వచ్చి, సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. మన పేట క్లైడ్ నార్త్‌లో ఇంకా ఆవులు మేస్తున్న కాలంలో, ఏ వీధి ఎక్కడ రావాలో కొలిచి మేకులు పాతిన బృందంలో ఆయనొకరు. ఈనాడు మనం కార్లు నిలుపుకుంటున్న డ్రైవ్‌వేల హద్దులు కొన్ని ఆయన కంటితో చూసి తేల్చినవే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. మనమూ అడగలేదు.

ఆ మనిషి ఎటువంటివారో తెలియడానికి ఒక్క కంచె కథ చాలు. ఆయన ఇంటికీ పక్కింటికీ మధ్య కంచె వేసినప్పుడు కట్టేవాళ్ళు పొరపాటున జానెడు అవతలికి జరిపారు. లాభం ఈయనకే. పక్కింటాయనకు ఆ విషయమే తెలియదు. ఈయనే టేపు పట్టుకెళ్ళి, కొలిచి చూపించి, కంచె వెనక్కి జరపాలన్నారు. పక్కింటాయన నవ్వి, "నో వర్రీస్, మేట్" అన్నాడు. సాంబశివరావు గారు ఇంటికొచ్చి కోపంతో ఊగిపోయారు. "నో వర్రీస్ అంటాడేంటండీ! నేలంటే వర్రీ లేకపోతే ఎలా!" అన్నారు. రెండు వారాలు వెంటపడి కంచె జరిపించారు. లలితమ్మ వేసుకున్న కరివేపాకు మొక్క ఆ దెబ్బకు పక్కింటి పాలైంది. "మా ఆయన నిజాయితీ వల్ల పక్కింటివాళ్ళు పోపు నేర్చుకున్నారు" అని ఆమె అందరికీ చెప్పి నవ్వేది.

ఇక ఫుట్‌బాల్. ఆయన జన్మలో బంతి తన్నినవారు కాదు. కూతురు శిరీష స్కూల్లో ఉండగా మన పేట క్లబ్బులో చేరింది. దింపడానికి వెళ్ళి, ఊరికే నిలబడటం చేతకాక, ఆట నియమాల పుస్తకం తెచ్చుకుని ఆసాంతం చదివారు. శిరీష పెద్దదై ఆట మానేసి, ఉద్యోగానికి బ్రిస్బేన్ వెళ్ళి అక్కడి సన్నీబ్యాంక్ పేటలో స్థిరపడింది. ఈయన మాత్రం మానలేదు. "అది ఆడటం మానేసింది గానీ, నేను చూడటం మానేస్తానని ఎవరికీ మాటివ్వలేదు కదండీ" అనేవారు.

మా గ్రౌండు చూడనివారి కోసం ఒక మాట. ఒకవైపు రేకుల షెడ్డు, అందులో క్యాంటీను. మైదానం చుట్టూ నడుమెత్తు ఇనప కమ్మీ. గ్యాలరీ లేదు, టికెట్ లేదు. ఈ నగరంలో జనం కొట్టుకు చచ్చేది కోడిగుడ్డులా కోలగా ఉండే వేరే బంతికి. మా గుండ్రటి బంతి ఆటకు యాభై మంది వస్తే పండగ. సీజను మొదలుకాక ముందు, ఇక్కడి వేసవిలో, ఫిబ్రవరి ఎండలో ఆడే ఫ్రెండ్లీ ఆటలకైతే అంతమంది కూడా రారు. ఉత్తరపు వడగాలి, ఈగలు, ఎండిన గడ్డి. ఆ ఆటల పాయింట్లు ఎక్కడా చేరవు. సాంబశివరావు గారికి అవే ఇష్టం.

దానికి కారణముంది. చిన్న క్లబ్బుల ఫ్రెండ్లీకి రిఫరీ ఒక్కడే వస్తాడు. మైదానానికి రెండు పక్కలా జెండా పట్టుకునే మనుషుల్ని చెరో క్లబ్బూ తమవాళ్ళలోంచే ఇచ్చుకోవాలి. అందరికీ షెడ్డు నీడా, క్యాంటీనులో కాల్చే సాసేజీ కావాలి. జెండా ఎవరికీ అక్కర్లేదు. పదేళ్ళకు పైగా మా క్లబ్బు జెండా పట్టింది సాంబశివరావు గారే. క్లబ్బు జెండా చిరిగిపోతే, రవిక గుడ్డతో లలితమ్మ కుట్టిచ్చిన పసుపుపచ్చ జెండా తెచ్చుకునేవారు. అలా నిలబడే మన మనిషికి పైకి చెప్పని ఒక మర్యాద ఉంటుంది. బంతి గీత దాటితే జెండా ఎత్తాలి. ఆఫ్‌సైడ్ మనవాళ్ళదైతే కొంచెం ఆలస్యంగా చూడాలి, లేదా అసలు చూడకూడదు. అవతలి క్లబ్బు మనిషీ అదే చేస్తాడు కనుక లెక్క సరిపోతుందని అందరి నమ్మకం. ఈ మర్యాద గురించి నేనొకసారి చెవిన వేస్తే ఆయన, "అయితే నన్నెందుకండీ నిలబెట్టడం, ఒక గుంజ పాతుకోమనండి" అన్నారు.

కిందటేడు ఫిబ్రవరిలో మా కంటే రెండు మెట్లు పైన ఆడే ఒక క్లబ్బు మా గ్రౌండుకు ఫ్రెండ్లీకి వచ్చింది. అంత పెద్ద జట్టు రావడం అదే మొదలు. ఆ రోజు నేనక్కడే, కమ్మీ పక్కన ఉన్నాను. ఆట చివరిదాకా ఒకటి–ఒకటి. ఆఖరి నిమిషంలో మన తెలుగు కుర్రాడు చరణ్‌కి ముందుకు బంతి అందింది. ఒక్క తన్నుకు గోల్. షెడ్డులోవాళ్ళంతా సాసేజీలు వదిలేసి గంతులేశారు. నేనూ వేశాను. అప్పుడు చూస్తే సాంబశివరావు గారి జెండా పైకి లేచి ఉంది. బంతి అందించిన క్షణానికే చరణ్ అవతలి చివరి ఆటగాణ్ణి దాటి ముందుకు వెళ్ళిపోయాడని దాని అర్థం. రిఫరీ ఈల ఊది గోల్ రద్దు చేశాడు.

చరణ్ ఉరికొచ్చాడు. "అంకుల్, ఆర్ యూ సీరియస్? ఇట్స్ జస్ట్ ఎ ఫ్రెండ్లీ! మీరసలు ఏ సైడ్?"

"నేనిదిగో, క్యాంటీన్ సైడు నాయనా" అన్నారాయన, జెండా దించకుండానే.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. క్లబ్బు కార్యదర్శి గారు నవ్వలేదు. ఆయన కూడా మన తెలుగువారే, ఈ పత్రిక చందాదారు. ఆ సీజను వాలంటీర్ల జాబితా వాట్సాప్‌లో వచ్చినప్పుడు సాంబశివరావు గారి పేరు లేదు. ఎందుకు తీశారని ఫోన్ చేస్తే, "అంకుల్‌కి రెస్ట్ ఇద్దామని, ఏజ్ అయింది కదా" అన్నారు. ఏడాది చివర వాలంటీర్లకు కృతజ్ఞత చెప్పడానికి బార్బీ, అంటే బార్బెక్యూ విందు, పెట్టారు. క్యాంటీన్‌లో ఒక్కరోజు ఉల్లిపాయలు కోసినవారి పేరు కూడా చదివారు. పదేళ్ళు జెండా పట్టిన మనిషి పేరు చదవలేదు. అప్పుడు ఆయన నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చదివిన ప్రతి పేరుకూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఆ సీజనంతా ఆయన ప్రతి ఆటకూ వచ్చారు. కమ్మీ బయట నిలబడి, ఆటగాళ్ళు ఎటు కదిలితే అటు, చివరి ఆటగాడికి సరిగ్గా ఎదురుగా ఉండేలా, ఉత్త చేతులతో అటూ ఇటూ నడిచేవారు. ఒక్కోసారి కుడిచెయ్యి సగం దాకా లేచి ఆగిపోయేది. అది చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగినవాళ్ళు లేరు.

నేను అడిగాను. ప్రతి ఆటనూ క్లబ్బు వాళ్ళు షెడ్డు మీద కెమెరా పెట్టి వీడియో తీస్తారు. ఆ ఆటదీ తీశారు. ఆ చివరి నిమిషం చూపించి, జెండా ఎత్తడం తప్పో ఒప్పో చెప్పమని కార్యదర్శికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఎదురుపడినప్పుడు అడిగితే, "లీవ్ ఇట్ అంకుల్, ఫ్రెండ్లీయే కదా" అన్నారు. ఫ్రెండ్లీయే అయినప్పుడు, ఎత్తిన జెండాకు ఏడాది శిక్ష దేనికి?

నా స్నేహితుడు ఒప్పేననే ధైర్యంతోనే ఇదంతా చేశాను. డిసెంబరులో ఒక సాయంత్రం వాళ్ళ పెరట్లో టీ తాగుతూ నాలుగో ఉత్తరం చదివి వినిపించాను.

"ప్రకాశంగారూ, మీరందులో 'నూటికి నూరుపాళ్ళు సరైన నిర్ణయం' అని రాశారు. అది కొట్టెయ్యండి" అన్నారు.

"ఎందుకు?"

"ఆవేళ ఎండ నాకు ఎదురుగా ఉందండీ. చూసింది చూసినట్టే ఎత్తాను. కానీ చూసింది నిజమో కాదో, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తేలట్లేదు. నేను తప్పని ఆ వీడియోలో ఉంటే ఆ పిల్లాడింటికెళ్ళి సారీ చెప్పుకుంటాను. ఒప్పని ఉంటే ఊరుకుంటాను. వాళ్ళు నన్ను తిట్టినా పర్లేదు. చూసి చెప్పమనండి."

లలితమ్మ లోపల్నుంచి, "ఈ సంవత్సరం మా ఇంట్లో నిద్రలో కూడా ఆఫ్‌సైడేనండి" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ వాక్యం కొట్టేసి, ఆయన అన్నమాటే రాసి పంపాను. దానికీ జవాబు రాలేదు. నెలన్నర తిరక్కుండా ఆయన వెళ్ళిపోయారు.

ఆయన పోయిన పది రోజులకు ఈ ఏటి మొదటి ఫ్రెండ్లీ. వెళ్ళాను. ఆటగాళ్ళు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. కార్యదర్శి గారు మైకులో "మన క్లబ్బుకు వెన్నెముక" అన్నారు. మన భాషలోని పెద్ద మాటలన్నీ చచ్చినవాళ్ళ కోసమే దాచిపెడతామేమో. జెండా పట్టడానికి ఎవరూ లేకపోతే, కాలు బెణికి ఆడలేకపోతున్న చరణ్ పట్టుకున్నాడు. ఆట అయ్యాక కుంటుకుంటూ నా దగ్గరకొచ్చాడు.

"అంకుల్, ఇట్స్ సో హార్డ్. బాల్ చూస్తే డిఫెండర్ కనపడడు, డిఫెండర్‌ని చూస్తే బాల్ కనపడదు. ఎలా చేసేవారాయన?"

"కిందటేడు నువ్వు ఆఫ్‌సైడేనా?" అని అడిగాను.

"ఆనెస్ట్‌లీ, నాకూ తెలీదంకుల్. ఐ వాంట్ టు సీ ఇట్ టూ."

సాంబశివరావు గారిలాంటి మనిషి మన పేటకు మళ్ళీ రారు. తనవాళ్ళ గోల్ మీద జెండా ఎత్తగలవారు కొందరు ఉండవచ్చు. ఎత్తాక, తన కన్నునే ఏడాది పాటు బోనులో నిలబెట్టి, సాక్ష్యం తెమ్మని అడిగినవారిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ కంటికి నా నమస్కారం. మౌనం పాటించి, పట్టీలు కట్టి మనం తీర్చుకున్నామనుకుంటున్న రుణం ఆయన అడిగినది కాదు. ఆయన అడిగింది ఒకటే.

కార్యదర్శి గారూ, ఇది నా ఐదో ఉత్తరం. దీన్ని ఈ పత్రిక చదివే వాళ్ళంతా చదువుతున్నారు. వీడియో మీ దగ్గరుంది. తప్పయితే తప్పని రాయండి. చరణ్ ఇంటికి ఆయన బదులు నేను వెళ్తాను. ఒప్పయితే ఒప్పని రాయండి. నాకు కాదు, లలితమ్మకు రాయండి. ఆ బంతి అందించిన క్షణంలో చరణ్ ఎక్కడున్నాడు? చెప్పండి.