ఓబలప్ప నీళ్లగ్లాసు

ఓబలప్పకు అనుమానం ఊపిరితో సమానం. కేజీఎఫ్ మిల్లులో ముప్పై ఏళ్లు రాతిపొడి కడిగి బంగారం తీసిన మనిషి, నీళ్లలో వేసి చూడనిదే దేన్నీ నమ్మడు. గనులు సర్కారు చేతికి వచ్చిన రోజున కూడా, "సర్కారంటే ఎవురప్పా? ముందు మొగం చూపించమను!" అన్న ఘనుడు.

రిటైరయ్యాక ఆ అనుమానమంతా కాఫీ మీదికి మళ్లింది. రాబర్ట్‌సన్‌పేట అంగట్లో ఇత్తడి ఫిల్టరు కొనాలంటే దాన్ని ఎండలోకి పట్టుకుపోయి కన్నాలన్నీ వెతికేవాడు. "రెండు కన్నాలు మూసుకోనుండాయి" అని వెనక్కిచ్చేవాడు. గింజల్ని కొరికి, ఉమ్మి, మళ్లీ కొరికేవాడు.

గని కూలీల ఇళ్ల వరసలో, ఓబలప్ప ఉండే లైన్లోనే ఉండే గురువమ్మ, భర్త పోయాక, గింజలు ఇంట్లోనే వేయించి చేతిమరలో పొడి చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ మర తిరిగితేనే ఆమె పొయ్యి వెలిగేది. మొదటి శనివారమే ఓబలప్ప గాజుగ్లాసు నిండా నీళ్లతో దిగాడు.

"ఈ గింజలు యాడివమ్మా?"

"చిక్కమగళూరువి అప్పా."

"చెట్టు నుంచి కోసేది నువ్వు చూసినావా?"

చిటికెడు పొడి నీళ్లమీద చల్లాడు. పొడి తేలింది.

"మునగలేదు! అసలు సరుకైతే అడుక్కు పోవల్ల!" అని లైనంతా వినిపించేలా అరిచాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

గురువమ్మకు ఏడుపొక్కటే తక్కువ. "అది మీ బంగారానికప్పా! మంచి కాఫీపొడి తేలతాది. కల్తీకి కలిపే చికోరీనే మునిగేది!" అని, మరునాడు అంగడిపొడి తెచ్చి అతని ముందే అదే గ్లాసులో వేసింది. అది అడుక్కు దిగి నీళ్లన్నీ ఎర్రగా చేసింది. ఓబలప్ప నోట తప్పయిందన్న మాట మాత్రం రాలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం గ్లాసుతో హాజరు.

"ఈ వారం కలిపేసుంటావు! చూస్తా ఉండు!" అని పొడి చల్లి, "తేల్తా ఉండాది! ఇంగా తేల్తానే ఉండాది!" అని గావుకేకలు పెట్టేవాడు. తర్వాత పావుకిలో కొనుక్కుని, మూతి ముడుచుకుని పోయేవాడు. ఇంత అనుమానపు మనిషే కొంటుంటే మనకేం భయమని జనం తిరిగొచ్చారు. గురువమ్మకు మాత్రం ఒళ్లు మండేది. తొమ్మిది నెలలుగా దొంగను చూసినట్టు చూస్తాడే!

ఉండబట్టలేక ఓబలప్ప భార్య హనుమక్కనే అడిగింది. "అక్కా, నా పొడిమీద ఆయప్పకు ఇంగా నమ్మకం రాలేదా?"

హనుమక్క పకపకా నవ్వింది. "ఆయప్ప కాఫీ మాని ఆర్నెల్లాయె తల్లీ! కడుపులో పుండని డాక్టరు మానిపించినాడు. తాగేది రాగిగంజి. నీ పొడంతా టేకల్ ఊర్లో మా తమ్మునింటికి పోతా ఉండాది."

మరుసటి శనివారం గురువమ్మే గ్లాసులో నీళ్లు పోసి గడపమీద పెట్టింది.

ఓబలప్ప ఉలిక్కిపడ్డాడు. "నీళ్లలో ఏమి కలిపినావు?"

"ఏమీ లేదప్పా. ఈ దినం కొంచెం గట్టిగా కేకెయ్యి. లైను కొసన కడాకరి ఇంటి మునియప్పకు వినపడలేదంట."

ఓబలప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. గొంతు సవరించుకుని, మునియప్పేమిటి, పక్క లైనువాళ్లు కూడా బయటికొచ్చేలా అరిచాడు. అరిచి అలిసిన మనిషికి గురువమ్మ లోటాతో రాగిగంజి అందించింది.

అతను లోటాలోకి తొంగిచూసి, వాసన చూసి, అడిగాడు.

"ఈ రాగులు యాడివమ్మా?"