పెద్దమ్మ సత్తుగిన్నె

మొన్న ఆదివారం నరసరావుపేటలో మా చర్చి పిల్లలు ఆసుపత్రి బయట పులిహోర పొట్లాలు పంచుతుంటే నేనూ తోడు వెళ్ళాను. నా మనవరాలు ఒక పెద్దాయనకు పొట్లం అందిస్తూ, అది ఆయన చేతికి పూర్తిగా అందకముందే నా వైపు తిరిగి "నాయనమ్మా, ఫోటో తియ్యి" అంది. ఆయన ఫోను చూడగానే భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఫోటో తీయలేదు. ఇంటికొచ్చేదాకా అది మూతి ముడుచుకునే కూర్చుంది. దాని అలక ముచ్చటగానే ఉంది కానీ, ఏం చెప్పి నచ్చజెప్పాలో నాకు తోచలేదు. మా అత్తయితే ఏం చేసేదో మాత్రం నాకు బాగా తెలుసు.

అత్త అంటే మా నాన్నకు అక్క. గురజాల దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లోనే ఉండేది. చర్చిలో ఆదివారపు బడి ఆమెదే. పాట ఎత్తుకుంటే రాగం ఒక దారి, ఆమె ఒక దారి. అయినా గొంతు పెద్దది కాబట్టి రాగమే సర్దుకుపోయేది. మా ఇళ్ళల్లో అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా పేదవాళ్ళ కోసం ఒక పిడికెడు తీసి చిన్న ముంతలో వేసేవాళ్ళం. వారమంతా పోగైనవి ఆదివారం గుడ్డలో మూటగట్టుకుని పోయి చర్చిలో పెద్ద గంపలో పోసేవాళ్ళం. అత్త పిడికిలి చూసి అమ్మ గుండెలు బాదుకునేది. "వదినా, అది పిడికెడా, సోలెడా?" అనేది. "దేవుడిచ్చిన చెయ్యి పెద్దది, నన్నేం జెయ్యమంటావు?" అనేది అత్త. పిల్లలకు ఆమె పదే పదే చెప్పేది ఒకటే: పక్కవాళ్ళ కష్టం కళ్ళు తెరిచి చూడండి, చూసింది దేవుడికి చెప్పండి.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. మిరప మొక్కలు మోకాలెత్తు రాకుండానే మాడిపోయాయి. కోత పనులు లేవు, కూలీ లేదు. మా వెనకింటి పెద్దమ్మకు దెబ్బ మీద దెబ్బ. పెదనాన్న సున్నపురాయి క్వారీలో పడి నడుం విరగ్గొట్టుకుని మంచం మీదే ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా మాకు వాళ్ళు పెద్దమ్మా పెదనాన్నలే. మా చెల్లెలు పొద్దస్తమానం ఆ ఇంట్లోనే ఆడుకునేది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు "ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు చెప్పండి" అనగానే, చెల్లెలు చాప మీద నుంచి లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"మా ఎనకింటి పెద్దమ్మోళ్ళ ఇంట్లో బియ్యం లేవు. నిన్న గోంగూర ఉడకేసుకుని ఉత్తదే తిన్నారు. ఎవురికీ చెప్పమాకని నాతో అన్నది, అందుకని దేవుడికి చెప్తన్నా" అంది.

పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. కొంగు తలమీదికి లాక్కుని, ప్రార్థన అయ్యేదాకా తల ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే నలుగురూ చేటల్లో బియ్యం పట్టుకుని ఆమె గడపలోకి పోయారు. "మా ఇంట్లో ఉన్నయ్యమ్మా, మీరు తీసుకుపోండి" అని అందర్నీ వెనక్కి పంపించేసింది. అత్త పోతే తలుపే తియ్యలేదు. మరుసటి ఆదివారం కిటికీ పక్కన చోటు ఖాళీగా ఉంది. లోపల మంచంలో ఉన్న మనిషికి గంజి ఎలా కాస్తుందో ఎవరికీ తెలియదు. అత్త కంచం ముందు కూర్చునేది, రెండు ముద్దలు తిని లేచిపోయేది.

అమ్మ చెల్లెల్ని కొట్టడానికి చెయ్యెత్తితే అత్తే అడ్డుపడింది. "దాన్ని ఏమనమాక. కష్టం చూడమని నేర్పింది నేనే. చూసి గుట్టుగా ఉండమని నేర్పలా" అంది. తర్వాత చెల్లెలి తల దువ్వి, "పోయి పెద్దమ్మను క్షమించమని అడుగు. చేతిలో ఏం పట్టుకుపోవద్దు" అని పంపింది.

చెల్లెలు వెళ్ళి గుమ్మంలో నిలబడి, దారంతా వల్లించుకున్న మాట మరిచిపోయి భోరుమంది. పెద్దమ్మ ఎంత కోపంతో ఉన్నా ఏడ్చే పిల్లను చూసి ఊరుకునే మనిషి కాదు. "ఏందే ఆ ఏడుపు? ఏమన్నా తిన్నావా లేదా?" అని కళ్ళు తుడిచింది. పెట్టడానికి మెతుకు లేదు. దొడ్లో అంట్లు కడిగిన నీళ్ళకు బతికిన గోంగూర ఉంది. అప్పటికప్పుడు పచ్చడి నూరి, సత్తుగిన్నెలో పెట్టి, పైన ఆకు మూసి ఇచ్చి పంపింది.

ఆ గిన్నె చూసి అత్త గడపమీదే కూలబడింది. ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ చెప్పలేను, రెండూ చేసింది. ఆ పచ్చడితో కడుపునిండా అన్నం తిని, గిన్నె కడిగి, బియ్యం శిఖరంగా పోసింది. మావైపు ఇరుగుపొరుగు గిన్నెను ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. పంపితే తప్పు, నిండి తిరిగొచ్చిన గిన్నెను వద్దంటే అంతకన్నా తప్పు. "ఒక్క మాట కూడా మాట్లాడమాక. గిన్నె ఇచ్చి రా, అంతే" అని చెల్లెలికి చెప్పింది.

నేను గోడమీద నుంచి చూస్తున్నాను. పెద్దమ్మ గిన్నె వైపు చానాసేపు చూసింది. చెల్లెలు రెండు పెదాలూ బిగబట్టుకుని నిలబడింది. చివరికి పెద్దమ్మ గిన్నె అందుకుంది. "పచ్చట్లో ఉప్పు తగ్గింది, ఏమనుకోవద్దని మీ అత్తకు చెప్పు" అని లోపలికి పోయింది. కాసేపటికి ఆ ఇంటి పొయ్యి నుంచి పొగ లేచింది. నాకు ఆ పొగ చూస్తే అంత సంతోషం ఎందుకేసిందో అప్పట్లో తెలియలేదు.

ఇక ఆ వేసవంతా గిన్నె తిరుగుతూనే ఉంది. గోంగూర వచ్చేది, బియ్యం పోయేవి. మునగాకు వచ్చేది, కందిపప్పు పోయేది. పెద్దమ్మ మళ్ళీ చర్చికి వచ్చింది. తర్వాతి ఏడు మిరప బాగా పండి, ఆమెకు చేతినిండా పని దొరికింది. ఆ ఏడే నాన్నకు విషజ్వరం వచ్చి మా ఇల్లు తలకిందులైంది. అప్పుడు గిన్నెనిండా బియ్యంతో పెద్దమ్మే వచ్చింది. అమ్మ అందుకోలేక చేతులు కొంగులో దాచుకుంటే అత్త కసిరింది: "ఇయ్యటం వచ్చులే నీకు. తీసుకోటం కూడా నేర్చుకో."

అత్త పోయింది, పెద్దమ్మా పోయింది. ఆ కరువు ఏడాది మొదలు ఎవరి తిండి ఎవరు తిన్నారో చెప్పగలిగినవాళ్ళం నేనూ చెల్లెలే మిగిలాం. ఎప్పుడు మాట్లాడుకున్నా లెక్క తేలదు. కాలం మా దగ్గర నుంచి చాలా తీసుకుపోయింది కానీ, ఈ లెక్క మరిపించి మాత్రం మాకు మేలే చేసింది.